యాస లేదనుకునే ఊళ్లు: అమెరికన్లు తమ మాటను తాము ఎలా వింటారు?

డెట్రాయిట్ నగరానికీ కెనడాలోని విండ్సర్‌కూ మధ్య ఒక్క నది అడ్డం. ఈ ఒడ్డున నిలబడితే ఆ దేశపు మేడలు కనిపిస్తాయి. ఆ ఒడ్డువాళ్ల ఇంగ్లీషు వేరనీ, 'అబౌట్', 'హౌస్' లాంటి మాటల్లోని 'ఔ' వాళ్ల నోట వింతగా పలుకుతుందనీ డెట్రాయిట్‌లో చాలామంది నమ్మకం. మరి మీ యాస సంగతేమిటని అడిగితే, మాకు యాస ఎక్కడిదంటారు. ఈ రెండు నమ్మకాలనూ ఒకే పరీక్షలో తూచి చూసిన పరిశోధకురాలు నాన్సీ నీడ్జెల్‌స్కీ. తమ యాస గురించి మనుషులు చెప్పుకునే మాటలకు సాక్ష్యంగా ఎంత విలువ ఇవ్వవచ్చో తేల్చాలంటే, 1999లో అచ్చయిన ఆమె పరిశోధనతోనే మొదలుపెట్టాలి.

పరీక్షలో పాల్గొన్నది డెట్రాయిట్ ప్రాంతంవాళ్లు 41 మంది. వాళ్లకు ఒక మహిళ మాట్లాడిన వాక్యాలు వినిపించారు. ప్రతి వాక్యంలోనూ ఒక పదాన్ని గుర్తుపెట్టుకోమన్నారు. ఆ తర్వాత ఆ పదంలోని అచ్చును కంప్యూటర్‌తో తయారుచేసిన ఆరు రకాలుగా వినిపించి, ఆమె పలికినదానికి ఏది దగ్గరగా ఉందో చెప్పమన్నారు. కొందరి జవాబు కాగితం మీద కెనడా అని, మిగతావారి కాగితం మీద మిషిగన్ అని రాసి ఉంది. వినిపించిన గొంతు అందరికీ ఒకటే. ఆమె డెట్రాయిట్ మనిషే.

'ఔ' పలికేటప్పుడు మామూలుగా నాలుక నోట్లో బాగా కింద మొదలై పైకి సాగుతుంది. ట, స లాంటి హల్లులకు ముందు కెనడావాళ్ల నాలుక కాస్త ఎత్తునుంచే బయలుదేరుతుంది. డెట్రాయిట్‌లోనూ చాలామంది పలుకుబడి అంతే, ఆ రికార్డింగులోని మహిళ పలుకుబడి కూడా అంతే. కాగితంపై కెనడా అని చూసినవారు ఆ ఎత్తైన అచ్చును సరిగ్గానే పట్టుకున్నారు. మిషిగన్ అని చూసినవారిలో ఎక్కువమంది కింద మొదలయ్యే 'ప్రామాణిక' అచ్చును ఎంచుకున్నారు. అంటే, ఆమె కెనడా మనిషి అనుకున్నవారికి ఆమె నిజంగా పలికిన ధ్వని వినిపించింది. తమ ఊరిమనిషి అనుకున్నవారికి ఆమె పలకని ధ్వని వినిపించింది.

ఆ పరీక్షలో ఇంకో భాగం ఉంది. దాన్ని తక్కువగా ప్రస్తావిస్తారు గానీ, నా దృష్టిలో బరువు దానిదే. రోచెస్టర్, సిరక్యూస్, బఫలో, క్లీవ్‌లండ్, డెట్రాయిట్, షికాగో, మిల్వాకీ. గ్రేట్ లేక్స్ తీరం పొడవునా ఉన్న ఈ పారిశ్రామిక నగరాల్లో 20వ శతాబ్దంలో అచ్చులు గొలుసుకట్టుగా చోట్లు మారాయి. 'క్యాట్'లోని అచ్చు పైకి లేచి 'కియట్'లా వినిపించసాగింది. ఖాళీ అయిన ఆ చోటికి 'హాట్'లోని 'ఆ' జరిగి 'హ్యాట్'ను తలపించింది. 'బస్' మెల్లగా 'బాస్' వైపు వెళ్లింది. భాషాశాస్త్రజ్ఞులు దీన్ని ఉత్తర నగరాల అచ్చుమార్పు అంటారు. విలియం లబోవ్, షారన్ ఆష్, చార్ల్స్ బోబర్గ్ 2006లో వెలువరించిన ఉత్తర అమెరికా ఇంగ్లీషు అట్లాసు ప్రకారం ఈ ప్రాంత జనాభా సుమారు 3.4 కోట్లు. అమెరికా ఇంగ్లీషులో అత్యంత పెద్ద మార్పుల్లో ఒకటి జరిగిన ప్రాంతం ఇది. అయినా నీడ్జెల్‌స్కీ పరీక్షలో ఈ అచ్చుల దగ్గరికి వచ్చేసరికి డెట్రాయిట్‌వాళ్లు ఆ మహిళ నిజంగా పలికిన మారిన అచ్చును వదిలేసి, పుస్తకాల్లో ఉండే పాత అచ్చునే ఎక్కువగా ఎంచుకున్నారు. దేశంలోకెల్లా ఎక్కువగా అచ్చులు మారిన చోట్లలో ఒకచోట ఉంటూ, తమకు యాస లేదని నమ్మడం ఎలా సాధ్యమైందో ఈ ఫలితం కొంత చూపిస్తుంది.

'కొంత' అన్నది కావాలనే రాశాను. 41 మంది, ఒకే గొంతు, కృత్రిమంగా చేసిన అచ్చులు. ఇంత చిన్న పునాది మీద పెద్ద మేడ కట్టకూడదు. ఆ మాటకొస్తే ఇలాంటి పరీక్షలు వేరేచోట్ల ఏ ఫలితాలిచ్చాయో చూడాలి. న్యూజీలండ్‌లో జెన్ హే, ఆమె సహచరులు 2006లో ఇదే పద్ధతిని వాడారు. కాగితం మీద ఆస్ట్రేలియా అని ఉంటే ఒకలా, న్యూజీలండ్ అని ఉంటే ఒకలా జనం అచ్చులు ఎంచుకున్నారు. మాట్లాడుతున్నది న్యూజీలండ్ మనిషేనని వాళ్లలో చాలామందికి తెలుసు. తెలిసినా కాగితం మీది మాట పనిచేసింది. 2010లో హే, కేటీ డ్రేగర్ కలిసి కాగితం మీద పేరు కూడా లేకుండా, గదిలో కంగారూ, కోలా బొమ్మలు ఒకసారి, కివీ బొమ్మలు ఒకసారి కంటపడేలా ఉంచి పరీక్షించారు. అప్పుడూ తేడా కనిపించిందని రాశారు. అయితే 2015లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ శ్రోతలతో డేనియల్ లారెన్స్ చేసిన పరీక్షలో ఊరి పేరు ప్రభావం దాదాపు కనిపించలేదు. ఆస్ట్రేలియాలో బొమ్మలతో తిరిగి చేసిన పరీక్ష 2019లో అచ్చయింది. గట్టి ఫలితం దానిలోనూ రాలేదు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: బొమ్మ చూడగానే చెవి మారిపోతుందన్న వాదనను ప్రస్తుతానికి పక్కన పెట్టాలి. కానీ డెట్రాయిట్ ఫలితాన్ని ఆ వాదనతో పాటు కొట్టిపారేయనక్కరలేదు. ఎందుకంటే డెట్రాయిట్‌లో కాగితం మీది పేరు ఒక్కటే పనిచేయలేదు. మాది సరైన ఇంగ్లీషు అన్న నమ్మకం ఆ జనంలో ముందునుంచే లోతుగా ఉంది. ఆ లోతు ఎంతో మరో పరిశోధన కొలిచి చూపింది.

డెనిస్ ప్రెస్టన్ 1980లలో మొదలుపెట్టిన పని అది. ఖాళీ అమెరికా పటం చేతికిచ్చి, ఎక్కడెక్కడ జనం వేరుగా మాట్లాడతారో గీతలు గీయమన్నాడు. ఆగ్నేయ మిషిగన్‌వాళ్లలో 94 శాతం మంది దక్షిణాదిని గీశారు. తమ సొంత ఉత్తర ప్రాంతాన్ని ఒక మాండలిక ప్రాంతంగా గీసినవారు అంతకంటే చాలా తక్కువ, 61 శాతం. మాండలికం అనగానే వాళ్లకు ముందు గుర్తొచ్చింది దక్షిణాదే. తర్వాత రాష్ట్రాలన్నిటికీ, న్యూయార్క్, వాషింగ్టన్ నగరాలకూ ఇంగ్లీషు ఎంత సరైనదో పదికి మార్కులు వేయమన్నాడు. మిషిగన్‌వాళ్లు ఎనిమిది దాటి మార్కులు ఇచ్చింది ఒక్క మిషిగన్‌కే. పక్క రాష్ట్రాలకు కూడా ఆ మర్యాద దక్కలేదు. అట్టడుగున మిగిలినవి దక్షిణాది రాష్ట్రాలు, అందులోనూ అలబామా.

మరి అలబామావాళ్లను అడిగితే? వాళ్లు తమ మాట సరైనదని అంత ధీమాగా చెప్పుకోలేదు. కానీ వినసొంపు విషయంలో సొంత రాష్ట్రానికే పెద్దపీట వేశారు. దక్షిణ ఇండియానావాళ్ల పరిస్థితి ఈ రెండింటి మధ్య. ఉత్తరాదిలో ఉన్నా దక్షిణాది గాలి సోకిన మాట వాళ్లది. మిషిగన్‌వాళ్లలా పై మార్కులన్నీ తమకే వేసుకునే ధైర్యం వాళ్లు చేయలేదు. ఎదుటివారి చిన్నచూపు ఎక్కడ ఉందో వాళ్లకు తెలుసు.

ఇక్కడ ఒక హద్దు గుర్తుపెట్టుకోవాలి. ప్రెస్టన్ పటాలు గీసింది ఎక్కువగా తెల్లజాతివాళ్లు. డెట్రాయిట్ నగర జనాభాలో నల్లజాతివారిదే పెద్ద వాటా. 'మిషిగన్ నమ్మకం' అని మనం రాసేది నిజానికి శివార్లలోని తెల్లజాతివారి నమ్మకం. ఆఫ్రికన్ అమెరికన్లు తమ ఇంగ్లీషును తాము ఎలా వింటారన్న ప్రశ్నకు ఈ పటాల్లో జవాబు వెతకకూడదు.

ఇంతకూ ఈ ధీమా ఎక్కడినుంచి వచ్చింది? 20వ శతాబ్దం తొలి దశాబ్దాల వరకూ అమెరికాలో పెద్దమనిషి ఇంగ్లీషు అంటే తూర్పు తీరపు ఇంగ్లీషు. 'ఫోర్త్', 'ఫ్లోర్' లాంటి మాటల్లో 'ర్' వినిపించని ఇంగ్లీషు. ఆ పలుకుబడిలో మాట్లాడిన అధ్యక్షుల్లో అందరికీ తెలిసినవాడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1925లో జార్జ్ ఫిలిప్ క్రాప్ తన పుస్తకంలో తూర్పుదీ దక్షిణాదిదీ కాని పలుకుబడికి 'జనరల్ అమెరికన్' అన్న పేరు వాడాడు. ఒహాయోలోని హైరమ్ కాలేజీలో పాఠాలు చెప్పిన జాన్ కెన్యన్ ఉచ్చారణ పుస్తకాలు, ముఖ్యంగా థామస్ నాట్‌తో కలిసి 1944లో తెచ్చిన ఉచ్చారణ నిఘంటువు, ఆ పలుకుబడికి ప్రతిష్ఠ తెచ్చాయి. 1943లో ఎన్‌బీసీ రేడియో తన ప్రసారకుల కోసం ఉచ్చారణ చేపుస్తకం వేసింది. ఒక తరం గడిచేసరికి రేడియోలో, తర్వాత టీవీలో వినిపించేది గ్రేట్ లేక్స్ దక్షిణాన, పడమరన ఉన్న రాష్ట్రాల మాటకు దగ్గరి ఇంగ్లీషు అయింది. ఈ మలుపుకు కారణం తూర్పు నగరాలకు వలసవచ్చిన యూదులు, ఇటాలియన్లు మొదలైనవారిపై పెరిగిన అయిష్టతేనని థామస్ పాల్ బాన్‌ఫిలియో 2002లో వాదించాడు. ఇది ఆలోచించదగ్గ వాదనే. మలుపు నిజం. దాని వెనకున్న మనసును పత్రికల, పుస్తకాల సాక్ష్యంతో నిరూపించడం మాత్రం కష్టం.

కాలక్రమం ఇక్కడ కీలకం. కెన్యన్ తరం గ్రంథస్థం చేసిన అచ్చులు అచ్చుమార్పు బలపడక ముందువి. పుస్తకం ఒహాయో, మిషిగన్‌ల పాత పలుకుబడిని ప్రమాణంగా నిలబెట్టింది. ఆ తర్వాత అదే ప్రాంతపు నోళ్లలో అచ్చులు కదిలిపోయాయి. జనం మాత్రం ప్రమాణం తమదేనన్న నమ్మకంతో ఉండిపోయారు. నీడ్జెల్‌స్కీ పరీక్షలో డెట్రాయిట్‌వాళ్లు ఎంచుకున్న అచ్చులు నిఘంటువులోని అచ్చులకు దగ్గరగా ఉండటం, నా అంచనాలో, ఈ చరిత్ర తాలూకు జాడ.

బయటివారి చెవికి ఆ అచ్చుమార్పు ఎంత గట్టిగా తగులుతుందో లబోవ్ బృందం చూపించింది. ఒక షికాగో మనిషి మామూలు సంభాషణలో పలికిన 'బ్లాక్' అన్న మాటను, అంటే నాలుగు వీధుల మధ్య ఉన్న ఇళ్ల గుంపును, విడిగా తీసి వినిపిస్తే బయటి ఊళ్లవాళ్లు నలుపు అనే అర్థమిచ్చే 'బ్ల్యాక్'గా విన్నారు. వృద్ధులు ఒకే 'బ్లాక్'లో నివసించడం గురించిన వాక్యం మొత్తం వినిపించాకే మాట తేలింది. సొంత ఊరి అచ్చు గనుక షికాగోవాళ్లకు ఈ ఇబ్బంది ఉండకూడదు. వాళ్లు కొంత మెరుగన్న మాట నిజమే గానీ, విడి పదం దగ్గర వాళ్లూ పొరబడ్డారు.

న్యూయార్క్‌ది మిషిగన్ ధీమాకు పూర్తిగా ఎదురు కథ. 1962లో లబోవ్ మూడు పెద్ద దుకాణాలకు వెళ్లి, నాలుగో అంతస్తులో ఉన్న వస్తువు ఎక్కడుందని అమ్మేవాళ్లను అడిగాడు. 'ఫోర్త్ ఫ్లోర్' అని జవాబు వస్తుంది. వినపడనట్టు మళ్లీ అడిగితే ఈసారి జాగ్రత్తగా చెబుతారు. ధనికులు వెళ్లే సాక్స్‌లో 62 శాతం మంది, మధ్యతరగతి మేసీస్‌లో 51 శాతం, చౌక దుకాణమైన క్లైన్స్‌లో 20 శాతం మంది ఎంతోకొంత 'ర్' పలికారు. మొత్తం 264 మంది. ఈ లెక్క చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. మన విషయానికి దీనికంటే ముఖ్యమైనది, ఆ తర్వాత లోయర్ ఈస్ట్ సైడ్ ఇళ్లలో అతను చేసిన పని. ఒకే పదాన్ని రకరకాలుగా పలికి వినిపించి, వీటిలో మీరు పలికేది ఏదని అడిగాడు. తమ మాటల్లో 'ర్' అరుదుగా వచ్చేవాళ్లు కూడా 'ర్' ఉన్నదే తమదని చెప్పారు. వాళ్లు అబద్ధమాడారని లబోవ్ అనలేదు. తాము ఏ పలుకుబడిని చేరుకోవాలనుకుంటున్నారో దాన్నే తమ నోట విన్నారన్నాడు.

అతను ఇంకో కొలత కూడా తయారుచేశాడు. 18 పదాలకు రెండేసి ఉచ్చారణలు ఇచ్చి, ఏది సరైనదో, మీరు ఏది వాడతారో చెప్పమన్నాడు. సరైనది ఒకటి, నేను వాడేది ఇంకొకటి అని ఎన్నిసార్లు చెబితే భాషాపరమైన బెరుకు అంత ఎక్కువన్నమాట. దిగువ మధ్యతరగతిలో ఆ బెరుకు ఎక్కువగా తేలింది. మీరు న్యూయార్క్ మనిషిలా మాట్లాడటం లేదని ఎవరైనా అంటే దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నవారు అతనికి చాలామంది తగిలారు.

మిషిగన్‌కీ న్యూయార్క్‌కీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకచోట అతి ధీమా, ఒకచోట బెరుకు. కానీ చెవి చేసిన పని రెండుచోట్లా ఒకటే. పలికిన ధ్వనిని పక్కనపెట్టి, ప్రమాణం అనుకున్న ధ్వనిని తమదిగా లెక్కవేసుకోవడం. కాబట్టి వినికిడిలోని ఈ పక్షపాతానికి ఆత్మగౌరవం ఒక్కటే కారణమనడం కుదరదు. తమను తాము తక్కువ చేసుకునేవారిలోనూ అది ఉంది.

ఈ విలువలు పిల్లల్లోకి ఏ వయసులో దిగుతాయన్న ప్రశ్నకు 2013లో కాథరీన్ కిన్జ్లర్, జాస్మిన్ డిజీసస్ ఇచ్చిన సమాధానం నన్ను చాలా కలవరపెట్టింది. ఇలినాయిలో, టెనెసీలో పిల్లలకు ఉత్తరాది, దక్షిణాది గొంతులు వినిపించారు. అయిదారేళ్ల ఇలినాయి పిల్లలు ఉత్తరాదిలా మాట్లాడేవాళ్లతో స్నేహం కోరుకున్నారు. అదే వయసు టెనెసీ పిల్లలకు అలాంటి మొగ్గు లేదు. రెండు రకాల మాటా వాళ్లకు టీవీలోనో ఊళ్లోనో అలవాటే. తొమ్మిది పదేళ్లు వచ్చేసరికి రెండు రాష్ట్రాల పిల్లలూ ఒకే మాట చెప్పారు: ఉత్తరాది గొంతు తెలివైనవాళ్లది, దక్షిణాది గొంతు మంచివాళ్లది. టెనెసీ పిల్లవాడు నాలుగేళ్లలో తన అమ్మానాన్నల మాటను తెలివితక్కువ వాటాలో వేయడం నేర్చుకున్నాడు. బడిలో నేర్చుకున్నాడా, తెరమీద చూసి నేర్చుకున్నాడా అన్నది ఆ పరిశోధన పరిధి కాదు. ఎక్కడ నేర్చుకున్నా ఇది అన్యాయమే. ప్రెస్టన్ అడిగిన అలబామావాళ్లు సొంపు తమదనీ, సరైనతనం మీద ధీమా లేదనీ చెప్పింది కూడా ఈ పంపకాన్నే.

పిట్స్‌బర్గ్ దగ్గర కథ ఇంకో మలుపు తిరుగుతుంది. అక్కడి శ్రామికుల నోట 'డౌన్‌టౌన్' అన్న మాట 'డాన్‌టాన్' అవుతుంది. మీరందరూ అనడానికి 'యిన్స్' అంటారు. ఈ మాటలు ముద్రించిన టీషర్టులు దుకాణాల్లో అమ్ముడుపోతాయి. బార్బరా జాన్‌స్టన్ ఈ ఊరి మాటను ఏళ్ల తరబడి పరిశీలించి 2013లో పుస్తకం రాసింది. ఉక్కు కర్మాగారాల కాలంలో ఊళ్లోనే పుట్టి, ఊళ్లోనే పనిచేసినవారికి అది ఊరి యాస అన్న స్పృహ పెద్దగా లేదు. సైన్యంలో చేరినవాళ్లూ, పైచదువులకు వెళ్లినవాళ్లూ, 1980లలో కర్మాగారాలు మూతపడి పొట్ట చేతపట్టుకుని ఇతర రాష్ట్రాలకు వెళ్లినవాళ్లూ అక్కడ ఎదుటివారు ఎత్తిచూపితే తమ మాటను కొత్తగా విన్నారు. ఆ తర్వాతే అది ఊరి గుర్తు, ఊరి గర్వం అయింది.

జాన్‌స్టన్, స్కాట్ కీస్లింగ్ 2008లో చేసిన వినికిడి పరీక్ష దీన్ని ఇంకా సూటిగా పట్టుకుంది. 'డాన్‌టాన్' ఊరి గుర్తు అని చెప్పినవారిలో చాలామంది స్వయంగా అలా పలకరు. అలా పలికేవారిలో చాలామందికి అది ఊరి గుర్తుగా వినిపించదు. తమ మాట తమకెలా వినిపిస్తుందన్న ప్రశ్నకు అమెరికా పరిశోధనలో నాకు తెలిసినంతలో ఇంతకంటే తేటైన జవాబు లేదు.

చెవి ఇంకా లోతుగా తడబడే సందర్భాలూ ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో 'ఫెరీ', 'ఫరీ' అన్న రెండు మాటలు చాలా దగ్గరికి వచ్చాయి. ఒకటి పడవ ప్రయాణం, ఒకటి బొచ్చు ఉన్నది. రెండూ ఒకటేనా అని అడిగితే ఒకటేనంటారు. యంత్రంతో కొలిస్తే వాళ్ల నోటి నుంచి వచ్చిన ధ్వనులు వేరు. లబోవ్ బృందం 1991లో అచ్చయిన వ్యాసంలో దీన్ని ఒక కథతో పరీక్షించింది. బేస్‌బాల్ జట్టులో మెరియన్ అనే అమ్మాయి, మరీ అనే అబ్బాయి. కోచ్ చివర్లో ఒకరి పేరు చెబుతాడు. విన్నవాళ్లు ఆయన నిర్ణయం మీద అభిప్రాయం చెప్పాలి. ఎవరి పేరు విన్నారో ఆ అభిప్రాయంలో బయటపడుతుంది. నోటితో తేడా పాటించే ఫిలడెల్ఫియావాళ్లు కూడా అదే తేడాను చెవితో నమ్మకంగా పట్టుకోలేకపోయారు. ఇక్కడ ప్రతిష్ఠ, బెరుకు ఏవీ లేవు. నోటికి తెలిసినది చెవికి తెలియకపోవడం మాత్రమే ఉంది.

ఇందువల్ల జనాన్ని అడిగి తెలుసుకునే సర్వేలను చదవడంలో ఒక జాగ్రత్త అవసరమవుతుంది. 2003లో బెర్ట్ వాక్స్, స్కాట్ గోల్డర్ హార్వర్డ్ నుంచి 122 ప్రశ్నలతో జరిపిన మాండలిక సర్వే ఇలాంటిదే. 2013లో న్యూయార్క్ టైమ్స్ వేసిన ప్రసిద్ధ మాండలిక క్విజ్‌కు అదే ఆధారం. చల్లటి సోడాను మీరు 'సోడా' అంటారా, 'పాప్' అంటారా, 'కోక్' అంటారా అని అడిగితే వచ్చే జవాబును నమ్మవచ్చు. అది పదం. ఈ రెండు పదాల్లో అచ్చు మీ నోట ఒకటేనా అని అడిగితే వచ్చే జవాబు మాత్రం నోటి గురించా, నమ్మకం గురించా అని ప్రతిసారీ చూసుకోవాలి.

ఇతరుల యాసను పట్టుకోవడంలో అమెరికన్లు అంత గట్టివాళ్లేమీ కాదు. సింథియా క్లాపర్, డేవిడ్ పిసోనీ 2004లో ఇండియానా విశ్వవిద్యాలయం విద్యార్థులకు గొంతులు వినిపించి, ఆరు ప్రాంతాల్లో ఇది ఎక్కడిదని అడిగారు. సరైన జవాబులు సుమారు 30 శాతం. కళ్లు మూసుకుని చెప్పినా 17 శాతం వస్తాయి. దక్షిణాది, న్యూ ఇంగ్లండ్, మిగతాది అన్న పెద్ద వాటాలుగా విడదీయడం వరకు కొంత నయం. కానీ ఈ పరీక్ష ఒక్కటే చూసి జనం చెవి మొద్దుబారిందని తీర్పు చెబితే పొరపాటే. 2005లో బార్టెక్ ప్లిష్టా, ప్రెస్టన్ 'గైడ్' అన్న పదంలోని 'ఐ'ని దక్షిణాది తరహా 'ఆ' వరకు ఏడు మెట్లుగా మార్చి వినిపించారు. మిషిగన్‌లోని సాగినా నుంచి అలబామాలోని డోతన్ వరకు ఉత్తరం నుంచి దక్షిణానికి తొమ్మిది ఊళ్లు చూపించి, ఈ గొంతు ఏ ఊరిదని అడిగారు. శిక్షణ ఏదీ లేనివాళ్లు ఆ సన్నని మెట్లను వరస తప్పకుండా దక్షిణానికి జరుపుకుంటూ పోయారు. అదే ధ్వనిని మగగొంతులో వింటే ఇంకాస్త దక్షిణానికి జరిపారు. చెవి అత్యంత సూక్ష్మమైన తేడాను పట్టుకుంటోంది. దానికి ఊరి పేరు తగిలించేటప్పుడు ముందే ఉన్న అభిప్రాయాలు చొరబడుతున్నాయి.

తెలుగువారికి ఇది నేరుగా తగిలే చోటు ఒకటుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో పీజీ చేస్తూ టీచింగ్ అసిస్టెంట్లుగా తరగతులు తీసుకునే తెలుగు విద్యార్థులకు, యాస అర్థం కావడం లేదన్న ఫిర్యాదు కొత్త కాదు. 1992లో డొనాల్డ్ రూబిన్ ఒక అమెరికన్ గొంతులో రికార్డు చేసిన పాఠాన్ని విద్యార్థులకు వినిపించాడు. కొందరికి తెల్లజాతి మహిళ ఫొటో, కొందరికి తూర్పు ఆసియా మహిళ ఫొటో చూపించాడు. గొంతు ఒకటే. ఆసియా ముఖం చూసినవారిలో ఆమెకు విదేశీ యాస ఉందన్నవారు ఎక్కువ. పాఠం తర్వాతి పరీక్షలో వాళ్ల మార్కులు కూడా తగ్గాయి. లేని యాసను వినడమన్నమాట. డెట్రాయిట్‌లో ఉన్న యాసను వినకపోవడం చూశాం. ఇది దానికి రెండో వైపు.

ఇక్కడ కూడా ఒక్క పరిశోధనతో ఆగకూడదు. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకు చైనా యాసతో ఇంగ్లీషు మాట్లాడే గొంతును, రొద మధ్య, చైనా ముఖంతో కలిపి వినిపిస్తే, తెల్లజాతి ముఖంతో కంటే వాళ్లు ఎక్కువ పదాలు సరిగ్గా పట్టుకున్నారని 2015లో కెవిన్ మెక్‌గోవన్ చూపాడు. ముఖమూ గొంతూ సరిపోలితే అంచనా సాయం చేస్తుంది. సరిపోలకపోతే అడ్డుపడుతుంది. విన్నవారంతా పక్షపాతంతో చెవులు మూసుకున్నారన్న వివరణ కంటే ఇది నిదానమైనది, నాకు సమ్మతమైనది కూడా. అయితే డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల విషయంలో ఈ నిదానం ఊరటేమీ ఇవ్వదు. వాళ్ల గొంతు పక్కింటి పిల్లల గొంతే, ముఖం మాత్రం వేరు. వాళ్ల దగ్గర వినేవారి అంచనా ఎప్పుడూ అడ్డుపడే వైపే ఉంటుంది.

మిషిగన్‌కు తిరిగి వస్తే, ఈ పాతికేళ్లలో అక్కడ జరిగింది పై వాదనలన్నిటినీ మళ్లీ తూచుకోమంటుంది. ఉత్తర నగరాల అచ్చుమార్పు వెనక్కి తిరిగింది. సిరక్యూస్‌లో, మిషిగన్ రాజధాని లాన్సింగ్‌లో చేసిన పరిశోధనలు యువతరం నోట 'క్యాట్' అచ్చు కిందికి దిగుతోందని చెబుతున్నాయి. న్యూయార్క్ రాష్ట్రపు ఉత్తర కొసనున్న ఆగ్డెన్స్‌బర్గ్‌లో 2008లో ఒకసారి, 2016లో ఒకసారి రికార్డు చేసి పోల్చితే ఎనిమిదేళ్లలోనే తగ్గుదల కనిపించింది. లాన్సింగ్‌లో ఈ మలుపును మోనికా నెస్బిట్ కార్ల పరిశ్రమ ఎదుగుదలతో, క్షీణతతో ముడిపెట్టింది. ఓల్డ్స్‌మొబైల్ కర్మాగారాలు ఊరికి అన్నం పెట్టిన తరాల్లో లేచిన అచ్చు, ఆ పనులు పోయిన తరాల్లో దిగింది. కాలం సరిపోలుతోంది. కాలం సరిపోలడమే కారణానికి రుజువు కాదు గానీ, ఊరి జీవితానికీ ఊరి అచ్చుకూ ఇంత దగ్గరి నడక మరోచోట దొరకడం అరుదు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. వినిపించని అచ్చును ఒక తరం మొత్తం ఎలా వదిలించుకుంది? నిజంగా చెవికే అందకపోతే అందరూ ఒకే దిశలో మారడం జరగదు. కాబట్టి నీడ్జెల్‌స్కీ పరీక్ష కొలిచింది వినికిడిని కాదని, విన్నదాన్ని తమదని ఒప్పుకోవడాన్నని చదవడమే సబబని నాకనిపిస్తుంది. 'గైడ్' పరీక్షలోని ఏడు మెట్లు కూడా ఆ వైపే చూపిస్తున్నాయి. ఫిలడెల్ఫియా 'ఫెరీ', 'ఫరీ'లు మాత్రం ఈ లెక్కకు లొంగవు. అక్కడ ఒప్పుకోలుతో పని లేకుండానే చెవి తడబడింది. ఈ రెంటినీ ఒకే పేరుతో పిలవడం మానుకోవాలి.

లాన్సింగ్‌లో ఇప్పుడు చేయవలసిన పరీక్ష ఏమిటో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. నీడ్జెల్‌స్కీ కాగితాలను, అవే రెండు పేర్లతో, అచ్చు దిగిపోయిన తరానికి ఇవ్వాలి. వినిపించే గొంతు మాత్రం వాళ్ల నానమ్మల కాలానిది కావాలి. మిషిగన్ అని రాసి ఉన్న కాగితం చూసి కూడా ఆ పిల్లలు లేచిన అచ్చునే ఎంచుకుంటే, యాస లేదన్న నమ్మకం అచ్చుతో పాటే సడలిందని అర్థం. మళ్లీ నిఘంటువు అచ్చునే ఎంచుకుంటే, అచ్చు లేచినప్పుడూ దిగినప్పుడూ ఆ నమ్మకం చెక్కుచెదరలేదని, దానికి మిషిగన్ నోళ్లలోని అచ్చులతో మొదటినుంచీ సంబంధమే లేదని తేలుతుంది.